మాట వెళ్తుంది గానీ రాదు: పాత వాకీటాకీలో పావు తరంగం

ఒక పాఠకుడు అడిగారు: "పాత వాకీటాకీ ఒకటి ఉంది. నేను మాట్లాడితే దూరంగా ఉన్నవాళ్లకు కూడా శుభ్రంగా వినిపిస్తోందట. వాళ్ల మాట మాత్రం పక్క వీధి దాటితే నాకు అందడం లేదు. బ్యాటరీ మార్చినా లాభం లేదు. లోపం ఎక్కడుంటుంది?"

ఇలాంటి ప్రశ్నంటే నాకు చాలా ఇష్టం. సగం జవాబు ప్రశ్నలోనే ఉంది. మాట బాగా వెళ్తోందన్న ఒక్క ముక్కతో చాలా అనుమానాలు తీరిపోతాయి. పంపడానికీ అందుకోవడానికీ యాంటెనా ఒకటే. ఒక దిక్కుకు ఎంత బాగా పంపగలదో, ఆ దిక్కు నుంచి అంతే బాగా అందుకోగలదు. కాబట్టి యాంటెనా మంచిదే. బ్యాటరీ కూడా మంచిదే. మాట్లాడేటప్పుడు ఈ రేడియోలు ఒక ఆంపియర్‌కు అటూఇటూగా కరెంటు లాగుతాయి, వినేటప్పుడు కొన్ని పదుల మిల్లీఆంపియర్లే చాలు. బ్యాటరీ నీరసిస్తే ముందు దెబ్బ తినేది పంపడమే. వినికిడి తగ్గిన ప్రతిసారీ బ్యాటరీ మార్చడం ఒక అలవాటు తప్ప చికిత్స కాదు.

ఇందులో ఒక మెలిక ఉంది. యాంటెనా మూలంలో, కనెక్టర్‌లో లోహం మీద సన్నని తుప్పు పొర పేరుకుంటుంది. 5 వాట్లు పంపేటప్పుడు 50 ఓమ్‌ల దగ్గర గరిష్ఠ వోల్టేజి 22 వోల్టుల దాకా వెళ్తుంది. ఆ పొరను అది చీల్చుకుని దాటేస్తుంది. బయటి నుంచి వచ్చే సిగ్నల్‌కు ఆ బలం ఎక్కడిది? ఇలాంటి రేడియో అర్థమయ్యేలా వినగలిగే సిగ్నల్ పావు మైక్రోవోల్టు, అంటే వోల్టులో 40 లక్షలో వంతు. పంపే శక్తికీ అందుకునే శక్తికీ మధ్య తేడా 40 కోట్ల కోట్ల రెట్లు! ఈ లెక్క వేసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. అరచేతిలో పట్టే ఒక డబ్బా, ఒకే తీగ మీద ఈ రెండు పనులూ చేస్తోంది. అందుకే ముందు కనెక్టర్‌ను స్పిరిట్‌తో తుడిచి, బలహీనమైన సిగ్నల్ ఒకటి వింటూ యాంటెనాను మెల్లగా కదిపి చూడండి. గరగర వస్తే దొంగ అక్కడే దొరికాడు.

రేడియో తప్పు లేకుండా కూడా ఇలా జరగవచ్చు. ఛార్జర్లు, ఎల్ఈడీ దీపాలు వెదజల్లే రేడియో చప్పుడులో బలహీనమైన సిగ్నల్ మునిగిపోతుంది. ఆరుబయటికి తీసుకెళ్లి వినండి, తేడా తెలుస్తుంది. సిగ్నల్ లేనప్పుడు హోరు వినపడకుండా ఆపేది స్క్వెల్చ్. దాని నాబ్ మరీ బిగించి ఉంటే కూడా ఇదే లక్షణం.

ఇవేవీ కాకపోతే స్క్వెల్చ్ పూర్తిగా తెరవండి. బుస్సుమని గట్టిగా హోరు వస్తోందా? అది శుభవార్త. ఎఫ్ఎం రేడియోలో ఆ హోరు రావాలంటే చివరి దశలన్నీ, అంటే సిగ్నల్‌ను లక్షల రెట్లు పెంచే భాగమూ స్పీకరూ, బతికి ఉండాలి. హోరు బాగుండి మాట మాత్రం అందకపోతే లోపం ముందువైపు ఉంది: యాంటెనాకూ మొదటి ఆంప్లిఫయర్‌కూ నడుమ, లేదా ఆ ఆంప్లిఫయర్‌లోనే. అక్కడ పోగొట్టుకున్నది తర్వాత ఎంత పెంచినా తిరిగి రాదు, ఎందుకంటే సిగ్నల్‌తో పాటు హోరు కూడా పెరుగుతుంది. 1944లో హారాల్డ్ ఫ్రిస్ అనే రేడియో ఇంజనీరు దీన్నే ఒక సూత్రంగా రాశాడు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటికి వచ్చాం. బటన్ నొక్కగానే 5 వాట్లు యాంటెనాకు వెళ్లాలి, పక్కనే ఉన్న సున్నితమైన రిసీవర్‌లోకి దూరకూడదు. బటన్ వదలగానే యాంటెనా రిసీవర్‌కు కలవాలి. మరీ పాత సెట్లలో దీనికి రిలే, అంటే విద్యుదయస్కాంతంతో కదిలే స్విచ్, ఉండేది. తర్వాత వాటిలో రెండు పిన్ డయోడ్లు (కరెంటు ఇస్తే తరంగానికి దారి తెరిచి, ఆపితే మూసే స్విచ్‌లు), వాటి మధ్య పావు తరంగం, అంటే ఒక పూర్తి తరంగంలో నాలుగో వంతు, పొడవున్న లైను ఉంటాయి. మొదటి డయోడ్ ట్రాన్స్‌మిటర్‌ను యాంటెనాకు కలుపుతుంది. రెండోది రిసీవర్ గుమ్మంలో నిలబడి, బటన్ నొక్కినప్పుడు ఆ గుమ్మాన్ని గ్రౌండుకు షార్ట్ చేస్తుంది.

షార్ట్ చేస్తే ట్రాన్స్‌మిటర్ శక్తి అంతా అక్కడికే పారిపోదా? పారిపోదు. అదే పావు తరంగం మహిమ. గోడకు కట్టిన తాడును ఊపుతున్నారనుకోండి. కట్టిన చోట తాడు కదలదు. అక్కడి నుంచి పావు తరంగం ఇవతల మాత్రం అది అత్యధికంగా ఊగుతుంది. తాడు ఊపును వోల్టేజి అనుకోండి. షార్ట్ అయిన చివర వోల్టేజి సున్నా. పావు తరంగం ఇవతల, అంటే యాంటెనా దగ్గర, వోల్టేజి గరిష్ఠం, ఆ లైనులోకి పోయే కరెంటు దాదాపు సున్నా. వోల్టేజి ఉండి కరెంటు పోకపోతే ఆ దారి తెగిపోయినట్టే లెక్క. ఒక చివర షార్ట్, ఇంకో చివరకు తెగిన తీగ! బటన్ వదిలితే డయోడ్ తప్పుకుంటుంది, అంటే తాడు గోడ నుంచి విడివడి, దాని ఊపుతో పాటే కదిలే ఒక చేతికి అందుతుంది. ఆ చెయ్యే 50 ఓమ్‌ల రిసీవర్. అల వెనక్కి కొట్టదు, మొత్తం చేతిలోకి దిగుతుంది.

కాలేజీలో దీన్ని ఇన్‌పుట్ ఇంపెడెన్స్ సమీకరణంగా బోర్డు మీద రాయించి పరీక్షకు బట్టీ పట్టిస్తారు. ఒక వాకీటాకీ మూత తీసి చూపిస్తే పిల్లలు జన్మలో మరచిపోరు. 150 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం అర మీటరు. అంత తీగ ఈ డబ్బాలో పట్టదు కాబట్టి సుమారు 53 నానోహెన్రీల కాయిల్, రెండు పక్కలా చెరో 21 పికోఫారడ్‌ల కెపాసిటర్ పెడతారు. మూడింటి రియాక్టెన్స్, అంటే ఆ తరంగానికి అవి చూపే అడ్డు, 50 ఓమ్‌లే. ఆ ఒక్క పౌనఃపున్యం దగ్గర అవి అచ్చం పావు తరంగంలా నటిస్తాయి.

ఇక పాఠకుడి రేడియోకు వద్దాం. గుమ్మంలోని డయోడ్ కాలిపోయి శాశ్వతంగా షార్ట్ అయిందనుకోండి. పంపేటప్పుడు అది షార్ట్‌గానే ఉండాలి కదా, అందుకని ట్రాన్స్‌మిటర్‌కు ఏ తేడా తెలియదు. వినేటప్పుడు మాత్రం తాడు గోడకే కట్టి ఉంది. వచ్చిన అల తిరిగి వెళ్లిపోతుంది. డయోడ్‌లో 1 ఓమ్ మిగిలి ఉన్నా నష్టం సుమారు 28 డెసిబెల్స్, అంటే శక్తి 600 రెట్లకు పైగా తగ్గుతుంది. అడ్డులేని ఖాళీలో 5 కిలోమీటర్ల నుంచి వినాల్సినది 200 మీటర్ల దగ్గరికొస్తే గానీ వినపడదు. పక్క వీధి దాటితే అందడం లేదన్న మాటకు ఇది ఎంత చక్కగా సరిపోయిందో చూడండి! అదే డయోడ్ షార్ట్ కాకుండా తెగిపోతే లక్షణం వేరు. చాలా డిజైన్లలో రెండు డయోడ్ల గుండా ఒకే కరెంటు వెళ్తుంది కాబట్టి రెండూ పనిచేయవు, పంపడం కూడా నీరసిస్తుంది. ఇక్కడ పంపడం బాగుంది గనుక అది కాదు.

పరీక్ష సులువు. వెయ్యి పికోఫారడ్‌ల కెపాసిటర్ ద్వారా ఒక అర మీటరు తీగను నేరుగా మొదటి ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌కు తగిలించి వినండి. ఆ సమయంలో పొరపాటున కూడా బటన్ నొక్కకండి. అసలు యాంటెనాతో కంటే బాగా వినిపిస్తే ఆ డయోడ్ల స్విచ్చే దోషి. బలంగా ఉన్న సిగ్నల్ కూడా అంతంతమాత్రంగానే వస్తే ఆ ఆంప్లిఫయర్ ట్రాన్సిస్టర్‌ను చూడాలి. బలమైన సిగ్నల్‌లో కూడా మాట చీలినట్టు వస్తే, రేడియో పౌనఃపున్యాన్ని నిలిపి ఉంచే క్రిస్టల్ వయసు మీరి ఆ పౌనఃపున్యం జరిగింది. పది లక్షలకు పది వంతుల తేడా వచ్చినా 150 మెగాహెర్ట్జ్ దగ్గర 1.5 కిలోహెర్ట్జ్ పక్కకు పోతుంది.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను. లోపల రంగురంగుల స్క్రూలలా కనిపించే కాయిల్ కోర్‌లను "వదులైనట్టున్నాయి" అని బిగించకండి. అవి వదులవలేదు, కొలిచి అక్కడ ఆపినవి. పరికరాలు లేకుండా ముట్టుకుంటే ఒక లోపం పది లోపాలవుతుంది.

డయోడ్‌ను నిర్ధారించడానికి ఒక కాలు ఊడదీసి మల్టీమీటర్‌తో చూడండి. ఒకవైపు 0.7 వోల్టులు, రెండోవైపు ఏమీ లేకపోతే మంచిది. రెండువైపులా సున్నాకు దగ్గరగా ఉంటే పోయినట్టే. దాని స్థానంలో చేతికందిన 1ఎన్4148 లాంటి మామూలు డయోడ్ వేయకండి. అది 4 నానోసెకన్లలో ఆగిపోగల డయోడ్. 150 మెగాహెర్ట్జ్‌లో అర చక్రానికి 3.3 నానోసెకన్లు పడుతుంది, కాబట్టి ప్రతి ఊపుకూ అది సగం తెరుచుకుని సగం మూసుకుంటుంది. పిన్ డయోడ్‌లో నిండిన విద్యుదావేశాలు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువసేపు నిలుస్తాయి. అందుకే తరంగం ఎటు ఊగినా అది కదలని తీగలా ఉంటుంది. సర్క్యూట్ బొమ్మలో ఏ నంబరు ఉంటే అదే, లేదా దానికి సమానమైన పిన్ డయోడే వెయ్యండి.