హారర్ సినిమాకి స్ట్రింగ్ క్వార్టెట్: అపోహలు - వాస్తవాలు

పాత హారర్ సినిమాలు వేసే చోట తెర పక్కన కూర్చుని వయోలా (వయోలిన్ కంటే కాస్త పెద్దది, కింది స్థాయిలో పలికేది) వాయించడం నా పని. రెండు వయోలిన్లు, ఒక వయోలా, కూర్చుని వాయించే పెద్ద వయోలిన్ లాంటి ఒక చెల్లో, మొత్తం నలుగురం. దీన్నే స్ట్రింగ్ క్వార్టెట్ అంటారు. ఇక్కడ అమెరికాలో షో అయ్యాక వచ్చి పలకరించేవాళ్లూ, షార్ట్ ఫిల్మ్ తీస్తూ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసే కుర్రాళ్లూ తరచూ అడిగేది ఒకటే: "ఆ 'సైకో' సౌండ్ కావాలండీ." అంటే హిచ్‌కాక్ తీసిన 'సైకో' సినిమాలో హత్య జరిగేటప్పుడు వినిపించే తీగల కీచు. దీని వెనకున్న అపోహ వల్ల కుర్రాళ్ల డబ్బు పోతోంది, మంచి సీన్లు పాడవుతున్నాయి. ముందు దాని సంగతే చెప్తాను.

అపోహ: 'సైకో' సంగీతం క్వార్టెట్ వాయించినదే. నలుగురిని పిలిచి కీచుమనిపిస్తే అదే భయం వస్తుంది.

వాస్తవం: 1960లో బెర్నార్డ్ హెర్మన్ ఆ సినిమాకి రాసింది పెద్ద స్ట్రింగ్ ఆర్కెస్ట్రా కోసం. బూరలు, డ్రమ్ములు ఏవీ లేకుండా తీగవాద్యాలే వాడాడు కాబట్టి, వినీ వినీ జనం దాన్ని నాలుగు వయోలిన్ల పాటగా మార్చేశారు. అందులో డబుల్ బేస్‌లు (చెల్లో కంటే పెద్దవి, ఇంకా కింది స్వరాలు పలికేవి) ఉన్నాయి, మా క్వార్టెట్‌లో ఉండవు. మా చెల్లో కింది తీగ దాదాపు 65 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. పైగా ఒకే వరసను చాలామంది కలిసి వాయించినప్పుడు వాళ్ల మధ్య ఉండే సూక్ష్మమైన శ్రుతి తేడాలే ఆ ధ్వనికి మందం ఇస్తాయి. అదే వరసను ఒక్కరు వాయిస్తే సన్నగా, ఒంటరిగా వినిపిస్తుంది.

ఇంకో విషయం ఎవరూ పట్టించుకోరు. ఆ సినిమాలో సంగీతం చాలా భాగం మ్యూట్ (ధ్వనిని అణచడానికి వాద్యానికి తగిలించే చిన్న బిళ్ల) పెట్టి వాయించినదే. హత్య జరిగే షవర్ సీన్‌లో మ్యూట్ తీసేశారు. అంతసేపూ అణిచిపెట్టిన ధ్వని ఒక్కసారిగా బయటపడటం వల్లే ఆ కీచు మనల్ని అంతగా కోస్తుంది. అసలు ఆ సీన్‌కి సంగీతమే వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నాడు. హెర్మన్ రాసి వినిపించాక మనసు మార్చుకున్నాడు.

ఒక కుర్రాడు తన చిన్న సినిమా కోసం నలుగురు వాద్యకారులను పెట్టుకుని రికార్డింగ్ చేయించాడు. తలుపు తెరుచుకుంటే కీచు, నీడ కదిలితే కీచు. ధ్వని పలచగా ఉందని దాని మీద కంప్యూటర్‌లోని రెడీమేడ్ వాద్య ధ్వనులు, వాటి మీద రివర్బ్, అంటే పెద్ద హాల్లో మోగినట్టు వినిపించే ఎఫెక్ట్. బడ్జెట్ అయిపోయాక నాకు ఫోన్ చేశాడు. "అక్కా, నిద్ర పట్టట్లేదు, ఫెస్టివల్‌కి పంపాలి, ఇంక నా దగ్గర డబ్బుల్లేవు" అన్నాడు. పాపం, అతని టెన్షన్ చూసి నాకూ బాధేసింది. ముందు సంగీతం మొత్తం తీసేసి సినిమా నాకు పంపమన్నాను. హీరోయిన్ వరండాలో నడిచే చోట ఇంట్లోనే వయోలా మీద ఒకే స్వరాన్ని బ్రిడ్జికి (తీగలను మోసే చెక్కకి) ఆనుకుని, వైబ్రాటో (స్వరాన్ని వణికించడం) లేకుండా, మెల్లగా లాగి రికార్డు చేసి పంపాను. తలుపు తెరుచుకునే చోట అది ఆగిపోతుంది. ఆ సినిమాలో చివరికి ఒక్క కీచు కూడా మిగల్లేదు.

నలుగురితో భయం పుట్టేది ఇలాగే. షడ్జమం పట్టుకున్న వయోలిన్ పక్కనే ఇంకొకటి దానికి ఆనుకుని పైనుండే శుద్ధ రిషభం చాలా మెత్తగా పట్టుకుంటే చాలు. ఒకటి 440 హెర్ట్జ్ అనుకుంటే రెండోది 466. ఆ తేడా చెవికి గరుకుగా తగులుతుంది. గట్టిగా వాయించాల్సిన పనే లేదు.

1931 నాటి 'డ్రాక్యులా'కి ఫిలిప్ గ్లాస్ కొత్తగా రాసిన సంగీతం వినండి. క్రోనోస్ క్వార్టెట్ వాయించింది, 1999లో ఆల్బమ్‌గా వచ్చింది. హారర్ సినిమాల మామూలు ఎఫెక్టుల జోలికి పోకుండా, 19వ శతాబ్దపు వాతావరణం తేవడానికి ఆయన క్వార్టెట్‌ని ఎంచుకున్నాడు. అది సరైన ఎంపిక అని నా నమ్మకం. ఆ కథలో భయం జరిగేది హాల్లో, పడగ్గదిలో. క్వార్టెట్ కూడా ఇళ్లల్లో పుట్టి పెరిగిన సంగీతమే. ఒక్క ఇబ్బంది ఉంది: అది టాకీ. మా వయోలా, చెల్లో మధ్య స్థాయి స్వరాలు సరిగ్గా మగగొంతు ఉండే చోటే ఉంటాయి. డ్రాక్యులాగా నటించిన బేలా లుగోసీ మాట్లాడుతున్నప్పుడు మేం కమాను (తీగల మీద లాగే కర్ర) బరువు తగ్గించకపోతే ఆయన మాట మునిగిపోతుంది. సంగీతం బాగుండి మాట వినపడకపోతే ప్రేక్షకుడికి కోపం రావడం న్యాయమే.

అలాగని క్వార్టెట్ అరవలేదని కాదు. జార్జ్ క్రంబ్ 1970లో రాసిన 'బ్లాక్ ఏంజెల్స్'లో కొంత భాగం 'ది ఎగ్జార్సిస్ట్'లో ఉంది, అది ఒళ్లు జలదరించేలా అరుస్తుంది. కానీ క్రంబ్ రాసింది ఎలక్ట్రిక్ క్వార్టెట్‌కి, ఆంప్లిఫయర్‌తో కలిపి.

'డ్రాక్యులా'లో మొదట సంగీతం లేకపోవడం దర్శకుడు కావాలని చేసిన ప్రయోగమనీ, దాన్ని ముట్టుకోవడం పాపమనీ కొందరంటారు. నిజానికి టాకీలు వచ్చిన కొత్తలో మాటల కింద సంగీతం కలపడం కష్టం, ఆ అలవాటే లేదు. టైటిల్స్‌కి చైకోవ్‌స్కీ బ్యాలే 'స్వాన్ లేక్' ముక్క, నాటకశాల సీన్‌లో కొంచెం సంగీతం, అంతే. రెండేళ్లకే, 1933లో, 'కింగ్ కాంగ్'కి మాక్స్ స్టైనర్ భారీ సంగీతం రాశాడు.

ట్రైటోన్ (రెండు స్వరాల మధ్య ఉండే ఒక దూరం) దెయ్యపు స్వరమనీ, చర్చి దాన్ని నిషేధించిందనీ వచ్చే వీడియోలు చూసి పిల్లలకి నేర్పించాలంటే భయమేస్తోందని ఒక తల్లి అడిగారు. పాత సంగీత శాస్త్రకారులు దానికి దెయ్యం పేరు పెట్టిన మాట నిజం, నిషేధం మాత్రం పుకారు. అమ్మా, షడ్జమం నుంచి ప్రతి మధ్యమానికి ఉన్న దూరం అదే. మన పెళ్లిళ్లలో వినిపించే కల్యాణి నిండా అదే ఉంది. నిశ్చింతగా నేర్పించండి.

కమాను కర్రతో తీగల మీద కొడితే వయోలిన్ పాడవుతుందని విద్యార్థులు కంగారు పడతారు. వయోలిన్‌కి ఏమీ కాదు, కమాను పాలిష్ పోతుంది. దానికి ఒక చవక కమాను పెట్టుకోండి.

పాత సినిమా కదా, ఫ్రీగా వేసుకోవచ్చు అనుకునేవాళ్లకి ఒక మాట. 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' కాపీరైట్ నోటీసు పెట్టకపోవడం వల్ల అమెరికాలో అందరిదీ అయిపోయింది. అన్నీ అలా కావు. సినిమా పాతదైనా దానికి కొత్తగా రాసిన సంగీతానికి హక్కులు వేరు, అనుమతి తీసుకోవాల్సిందే. 'నోస్ఫెరాటు' లాంటి మూకీ అయితే ప్రింటుని బట్టి వేగం, నిడివి మారతాయి. ఏ ప్రింటు వేస్తున్నారో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే వాద్యకారులతో డేట్లు మాట్లాడండి.