వేపపూత ఏ తారీఖున వచ్చింది?

ఉగాది ముందురోజు బెంగళూరులో తెలుగువాళ్ల తిప్పలన్నీ వేపపూత కోసమే. మొన్న మా వీధి చివరి వేపచెట్టు కింద నిలబడి పక్కింటి పెద్దావిడ, "మా చిన్నప్పుడు పండక్కి కొమ్మలు తెల్లగా విరగబూసేవి, ఇప్పుడు చెట్లకీ లెక్క తప్పింది" అన్నారు. తొమ్మిదో తరగతి చదివే మనవరాలు వెంటనే అడిగింది: "ఏ తారీఖున పూసేది నానమ్మా?"

ఎంత మంచి ప్రశ్న! ఉగాది చాంద్రమానం పండగ. 2023లో మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న. చెట్టుకు తిథులతో పనిలేదు. ఎండ, చలి, నేలలో తడి చూసుకుని పూస్తుంది. పండక్కి పూత దొరకలేదంటే చెట్టు ఆలస్యం చేసిందా, పండగే ముందొచ్చిందా? జ్ఞాపకాన్ని నమ్ముకుంటే తేలదు. తారీఖు వేసి రాసుకున్న పుస్తకం కావాలి.

ఆ పుస్తకాన్ని బడిపిల్లల చేత రాయించే కార్యక్రమం మన దేశంలో ఉంది. పేరు సీజన్‌వాచ్, 2010లో మొదలైంది. ఒక చెట్టును ఎంచుకుని వారానికోసారి చూడాలి. లేతాకు, ముదురాకు, మొగ్గ, విచ్చిన పువ్వు, కాయ, పండు: ఒక్కోటీ అసలు లేవా, కొన్ని ఉన్నాయా, చాలా ఉన్నాయా అన్నది రాస్తే చాలు. పిల్లలు పొరపడేది పూత లేని వారాల్లోనే. ఏముందని రాయడం అనుకుని వదిలేస్తారు. కానీ మార్చి 8న "లేవు", 15న "కొన్ని" అని ఉంటేనే పూత ఆ ఏడు రోజుల్లో మొదలైందని తెలుస్తుంది. 8వ తారీఖు ఖాళీగా ఉంటే 15న రాసింది సగం మాటే. మార్కుల కోసం చివరిరోజు పది వారాలూ ఒకేసారి నింపేసిన పట్టిక కన్నా తెల్లకాగితం నయం. తెల్లకాగితం అబద్ధం చెప్పదు కదా.

ఇక్కడి వీధుల్లో కానుగలు ఎక్కువ, కన్నడంలో హొంగె అంటారు. అవి పూస్తే తేనెటీగలు మూగుతాయి. కరెంటు తీగలకు అడ్డమని కొమ్మలు కొట్టేది సరిగ్గా పూతకు ముందైతే ఆ ఏటికి ఈగల తిండి పోయినట్టే. మూడేళ్ల తారీఖులు చేతిలో ఉంటే "ఈ నాలుగు వారాలు ఆగండి" అని పిల్లలే అడగొచ్చు, కాగితం చూపించి మరీ.

బడిపిల్లలే ఎందుకంటే, రోజూ అదే దారిన నడిచేది వాళ్లే. పదో తరగతి అయ్యాక తన చెట్టును ఎనిమిదో తరగతి పిల్లకో పిల్లాడికో అప్పజెప్పి వెళ్తే లెక్క తెగదు.

పెద్దావిడ మనవరాలు ఆ వేపచెట్టునే ఎంచుకుంది. పుస్తకంలో మొదటి వరుస: మొగ్గలు కొన్ని, పువ్వులు లేవు.