టాబ్లెట్ ఎందుకు పనిచేయడం మానేసింది? స్తంభన మందుల మీద అపోహలు, వాస్తవాలు

"సార్, మొదట్లో బాగానే పనిచేసిందండి. ఇప్పుడు వేసుకున్నా, వేసుకోకపోయినా ఒకటే."

యూరాలజీ ఓపీలో వారానికి రెండు మూడు సార్లయినా వినే మాట ఇది. చెప్పే ముందు మనిషి ఒకసారి వెనక్కి తిరిగి తలుపు వేసి ఉందో లేదో చూసుకుంటాడు. బయట నర్సుకు కిడ్నీలో రాయి అని చెప్పి లోపలికి వచ్చినవాళ్ళూ ఉంటారు. నా దాకా వచ్చేసరికే చాలామంది మెడికల్ షాపులో అడిగి డోసు పెంచేసుకుని, బ్రాండు మార్చేసి, చివరికి బస్టాండు గోడ మీది నంబరుకు ఫోన్ చేసి అక్కడ కొన్ని వేలు వదిలించుకుని ఉంటారు. ఇంత తిరిగినా వాళ్ళను ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. టాబ్లెట్ అదే, మనిషీ అతనే. మరి మధ్యలో మారిందేంటి?

అపోహ: టాబ్లెట్ వేసుకుంటే స్తంభన దానంతటదే వచ్చేస్తుంది

రాదు. మిగతా అపోహలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి కాబట్టి ఇది కాస్త నిదానంగా చెప్పుకుందాం.

మనసులో కోరిక కలిగినప్పుడు అంగంలోని నరాల చివరల నుంచీ, రక్తనాళాల లోపలి పొర నుంచీ నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. దానివల్ల సైక్లిక్ జీఎంపీ అనే రసాయనం తయారై, అక్కడి కండరాలు సడలుతాయి, రక్తం లోపలికి పారుతుంది. పీడీఈ-5 అనే ఎంజైమ్ ఆ రసాయనాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టేస్తుంటుంది. ఈ టాబ్లెట్లలో ఉండే మందు సిల్డెనాఫిల్ అయినా, టడలాఫిల్ అయినా చేసే పని ఆ ఎంజైమ్‌ను అడ్డుకోవడమే. పంట కాలువ చూసినవాళ్ళకు తేలిగ్గా అర్థమవుతుంది. టాబ్లెట్ తూము పలక లాంటిది. వచ్చిన నీళ్ళను జారిపోకుండా నిలబెడుతుంది. పైనుంచి నీళ్ళే వదలకపోతే పలక దించి ఏం లాభం?

సిల్డెనాఫిల్‌ను మొదట గుండెనొప్పికి పనికొస్తుందేమోనని పరీక్షించారు. గుండెకు అంతగా పనికిరాలేదు గానీ, ఈ రెండో గుణం బయటపడింది. 1998 మార్చిలో అమెరికాలో వయాగ్రాగా అనుమతి వచ్చింది. నైట్రిక్ ఆక్సైడ్ సంగతి కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చిందీ ఆ ఏడాదే.

అపోహ: ఒంటికి అలవాటు పడిపోయింది, అందుకే పనిచేయడం లేదు

నిద్రమాత్రలకు ఒళ్ళు అలవాటు పడుతుంది. ఈ మందులకు అలా పడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. మందు అలాగే ఉంటుంది, దాని కింద ఉన్న జబ్బు ముదురుతుంది.

షుగరు దీనికి పెద్ద ఉదాహరణ. మూడేళ్ళ క్రితం హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష) 7 ఉన్నప్పుడు 50 మిల్లీగ్రాములు సరిపోయిన మనిషి, ఇవాళ అది 10 దాటాక వచ్చి అదే మందు పనిచేయడం లేదంటాడు. ఈ మూడేళ్ళలో రక్తనాళాల లోపలి పొర దెబ్బతింది, సన్నటి నరాలు మొద్దుబారాయి. నైట్రిక్ ఆక్సైడ్ తయారయ్యే చోటే తగ్గిపోయింది. పొగతాగడం, బీపీ, కొలెస్ట్రాల్, పెరిగే పొట్ట కూడా ఇదే పని చేస్తాయి, కాకపోతే చప్పుడు చేయకుండా.

ఇక్కడే గుండె మాట కూడా చెప్పాలి. అంగానికి వెళ్ళే ధమని 1 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంటుంది, గుండె ధమని 3 నుంచి 4. ఒకే పూడిక రెండు చోట్లా మొదలైతే సన్నటి గొట్టం ముందు మూసుకుంటుంది. ఛాతీనొప్పి రావడానికి కొన్నేళ్ళ ముందే స్తంభన తగ్గడం అందుకే. నలభై అయిదు దాటినవాళ్ళు, బాగా పనిచేసిన టాబ్లెట్ కొన్ని నెలల్లో ఆగిపోయిందంటే, నేను ముందు ఈసీజీ, లిపిడ్ ప్రొఫైల్ రాస్తాను. "నేను దీనికోసం వస్తే గుండె డాక్టరు దగ్గరికి పంపుతారేంటి" అని విసుక్కున్నవాళ్ళు ఉన్నారు. విసుక్కున్నా పంపుతాను.

అపోహ: పనిచేయకపోతే రెండు వేసుకుంటే సరి

సిల్డెనాఫిల్‌కు రోజుకు 100 మిల్లీగ్రాములే హద్దు. అవసరమైనప్పుడు వేసుకునే టడలాఫిల్‌కు 20. ఆ పైన వేసుకుంటే పెరిగేది తలనొప్పి, ముఖం వేడెక్కడం, చూపు నీలంగా మారడం, బీపీ పడిపోవడం. గట్టితనం పెరగదు.

అసలు చాలామందిలో లోపం డోసులో ఉండదు, వేసుకునే తీరులో ఉంటుంది. ఆదివారం రాత్రి మటన్ బిర్యానీ కడుపునిండా తిని, పైన సిల్డెనాఫిల్ వేసుకుని, అరగంట చూసి "ఇది డూప్లికేటు" అని తేల్చేసేవాళ్ళే ఎక్కువ. నూనె, కొవ్వు ఎక్కువున్న భోజనం చేస్తే ఈ మందు రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడం సుమారు గంట ఆలస్యమవుతుంది, ఆ స్థాయి కూడా 29 శాతం దాకా తగ్గుతుంది. ఖాళీ కడుపునో, తేలికపాటి టిఫిన్ తర్వాతో వేసుకుని గంట ఆగాలి. టడలాఫిల్‌కు తిండితో పేచీ లేదు గానీ, దానికి రెండు గంటలు ఇవ్వడం మంచిది. దాని ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది కాబట్టి గడియారం చూసుకునే తొందర ఉండదు. రెండు పెగ్గులు దాటితే ఏ టాబ్లెట్ అయినా ఓడిపోతుంది.

ఒకటి రెండు సార్లు ఫలించకపోతే మందు ఫెయిలైనట్టు కాదు. సరైన డోసులో, సరిగ్గా వేసుకుని, వేర్వేరు రోజుల్లో కనీసం ఆరేడు సార్లు ప్రయత్నించాకే ఆ మాట అనాలి. "ఇక లాభం లేదు" అంటూ వచ్చినవాళ్ళలో ఎందరికో కొత్త మందు రాయకుండా, పాతదాన్నే ఎలా వేసుకోవాలో చెప్పి పంపాను. తర్వాత వాళ్ళు మళ్ళీ రాలేదు. మంచికే అనుకుంటున్నాను.

అపోహ: నేను వాడే మిగతా మందులకు, దీనికి సంబంధం లేదు

సంబంధం ఉంది, ఒక్కోసారి చాలా గట్టిగా ఉంటుంది. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి ముందు ఆ సంగతి. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది, మూత్రం ఎర్రగా వచ్చేది దానివల్లే. కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములను అది రెచ్చగొడుతుంది. రోజూ రిఫాంపిసిన్ వాడేవారి ఒంటికి అందే టడలాఫిల్ 88 శాతం తగ్గిపోతుంది. అంటే మింగిన టాబ్లెట్ దాదాపు ఖర్చు రాసుకోవడమే. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ కూడా ఇదే దారి. టీబీ కోర్సు అయ్యాక రెండు వారాలకు దాని ప్రభావం పోతుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఆరు నెలలు కుమిలిపోయినవాళ్ళను చూశాను.

బీపీకి ఇచ్చే అటెనొలాల్, థయజైడ్ రకం మందులు, డిప్రెషన్‌కు వాడే కొన్ని మాత్రలు స్తంభననో, కోరికనో తగ్గించవచ్చు. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి. రాసిన డాక్టరుకు చెబితే మార్చగలిగేవి చాలా ఉన్నాయి.

ఒక హెచ్చరిక మాత్రం పక్కకు తప్పించేది లేదు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులతో ఈ టాబ్లెట్లు కలిస్తే బీపీ ప్రాణాల మీదికి వచ్చేంతగా పడిపోతుంది. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లో, టడలాఫిల్ అయితే 48 గంటల్లో ఛాతీనొప్పితో ఆసుపత్రికి వెళ్తే, సిగ్గుపడకుండా ఎమర్జెన్సీలో మొదటి మాటగా ఇదే చెప్పాలి.

అపోహ: ఇది నరాల బలహీనత

ఏ వైద్య పుస్తకంలోనూ లేని ఈ జబ్బు మన గోడల మీద మాత్రం ఊరూరా ఉంది. చిన్నప్పటి హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడ్డాయని, చుక్క వీర్యం పోతే అంత రక్తం పోయినట్టేనని చెప్పి లాడ్జి గదిలో డబ్బాలు అమ్ముతారు. నిజంగా నరం దెబ్బతినే కారణాలు వేరు: షుగరు, వెన్నెముక గాయం, ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ లాంటివి.

ఆ డబ్బాల్లోని పొడుల్లో, "హెర్బల్" క్యాప్సూళ్ళలో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపినవి పరీక్షల్లో ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. ఒక డబ్బా పనిచేసి, తర్వాతి డబ్బా పనిచేయకపోతే మీ ఒంట్లో ఏమీ మారి ఉండకపోవచ్చు. కలిపినవాడి చెయ్యి మారి ఉంటుంది. షాపులో చీటీ లేకుండా దొరుకుతోంది కదా అంటారు, కానీ ఇది షెడ్యూల్ హెచ్ మందు, డాక్టరు చీటీ మీదే అమ్మాలి.

అపోహ: వయసులో ఉన్నవాడికి టాబ్లెట్ పనిచేయకపోతే లోపల ఏదో పెద్ద జబ్బే

ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడికి తెల్లవారుజామున స్తంభన బాగానే ఉంటే రక్తనాళాలు, నరాలు చాలావరకు బాగున్నట్టే. అతన్ని ఓడించేది టెన్షన్. భయపడినప్పుడు ఊరే అడ్రినలిన్ రక్తనాళాలను బిగిస్తుంది. సడలించే టాబ్లెట్, బిగించే భయం ఎదురెదురుగా నిలబడితే చాలాసార్లు భయమే గెలుస్తుంది.

పిల్లల కోసం ట్రీట్‌మెంట్ తీసుకునే జంటల్లో ఇది మరీ ఎక్కువ. స్కాన్ చూసి "ఇవాళ, రేపు కలవండి" అని గైనకాలజిస్ట్ చెబుతుంది. అత్తగారు క్యాలెండర్ చూస్తుంటుంది. మిగతా నెలంతా ఏ ఇబ్బందీ లేని మనిషి సరిగ్గా ఆ రెండు రోజులే విఫలమవుతాడు. అతనికి 100 మిల్లీగ్రాములు రాసేకంటే, భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడటం మేలు.

కోరికే తగ్గిందంటే మాత్రం ఉదయం పూట రక్తంలో మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ చూస్తాను, తక్కువ వస్తే ఇంకో రోజు మళ్ళీ చూస్తాను. రెండుసార్లూ డెసీలీటరుకు 300 నానోగ్రాముల లోపు ఉంటే, దాన్ని సరిచేశాక పాత టాబ్లెట్టే పనిచేయడం మొదలుపెట్టవచ్చు. జిమ్‌లో ఎవరో చెప్పారని టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వేయించుకోవద్దు. వీర్యకణాల తయారీ ఆగిపోతుంది.

అపోహ: టాబ్లెట్ ఓడిపోతే కథ అక్కడితో అయిపోయినట్టే

పెనైల్ డాప్లర్ అనే, అంగంలో రక్త ప్రవాహాన్ని చూసే స్కాన్ చేస్తే రక్తం సరిగ్గా రావడం లేదా, వచ్చింది నిలవడం లేదా తెలుస్తుంది. ఆ తర్వాత వ్యాక్యూమ్ పరికరం ఉంది, అంగంలోకి నేరుగా ఇచ్చే ఇంజెక్షన్ ఉంది. ఇంజెక్షన్ పనిచేస్తుందని నమ్మించడానికి గైల్స్ బ్రిండ్లీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1983లో లాస్ వెగాస్ యూరాలజీ సదస్సుకు ముందే దాన్ని తనకు తాను వేసుకుని వచ్చి, వేదిక మీదే ప్యాంటు దించి చూపించాడు. మా వృత్తిలో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటాం గానీ, ఆ రోజుతో వైద్యం మలుపు తిరిగింది. ఇంజెక్షన్ తర్వాత స్తంభన నాలుగు గంటలు దాటితే మాత్రం నేరుగా ఎమర్జెన్సీకి రావాలి. ఏదీ కుదరనివాళ్ళకు ఇంప్లాంట్ ఆపరేషన్ ఉంది.

అపోహ: ఇంట్లో తెలియకుండా వేసుకోవాలి

అతను తొమ్మిదింటికి రహస్యంగా మింగుతాడు. ఆవిడ గిన్నెలు సర్ది, పిల్లల యూనిఫాం ఇస్త్రీ చేసి, రేపటి పిండి రుబ్బి వచ్చేసరికి పన్నెండు. ఒకరికి మందు వేగం తగ్గిపోతుంటుంది, ఇంకొకరికి నిద్ర ముంచుకొస్తుంటుంది. రుతుక్రమం ఆగిన ఆడవాళ్ళలో పొడిబారి నొప్పి ఉంటుంది, అది చెప్పుకోలేక వాళ్ళు దూరం జరుగుతారు, దూరం జరిగితే ఇతనికి టెన్షన్. ఆవిడకు ఒక జెల్ రాసినందుకు ఆయన టాబ్లెట్ పనిచేసిన సందర్భాలున్నాయి.

ఒకాయనకు ఈ మాటే చెప్పి, ఈసారి మేడంగారిని కూడా తీసుకురమ్మన్నాను. తెస్తే కొంప మునుగుతుందన్నాడు, ఆమెకు ఏమీ తెలియదన్నాడు. ఎలాగో తీసుకొచ్చాడు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టేలోపే ఆవిడ అంది: "స్కూటీ డిక్కీలో దాచిన స్ట్రిప్ సంగతేనాండీ? అది నాకు రెండేళ్ళ నుంచి తెలుసు డాక్టరు గారూ."