ఆనాడు ఓడిపోయిన సవరణ

ఏథెన్స్‌లోని ప్రాచీన గుడి పార్థెనాన్ నుంచి లండన్ చేరిన శిల్పాల తగవు మళ్లీ పైకి వచ్చింది. ఈసారి కూడా ఒక్క మాట దగ్గరే పీటముడి పడింది: అరువు. ఇస్తే అరువుగానే ఇస్తామని బ్రిటిష్ మ్యూజియం పట్టు. అరువు పుచ్చుకుంటే అవి వాళ్లవేనని ఒప్పుకున్నట్టే కదా అని గ్రీస్ ప్రశ్న. 2023 నవంబరులో లండన్ వచ్చిన గ్రీస్ ప్రధాని మిత్సోతాకిస్, మోనాలిసాను రెండు ముక్కలు చేసినట్టుంది ఇది అని టీవీలో అన్నారు. అప్పటి బ్రిటన్ ప్రధాని రిషి సునాక్ ఆయనతో భేటీనే రద్దు చేసుకున్నారు.

తుర్కుల సుల్తాను దగ్గర బ్రిటన్ రాయబారిగా ఉన్న ఎల్గిన్ ప్రభువు శిల్పాలను ఎలా పీకించి ఓడలెక్కించాడో చాలామందికి తెలుసు. ఈ కథను అందరూ 1801లో మొదలుపెడతారు. కానీ ఇవాళ్టి చిక్కు పుట్టింది అప్పుడు కాదు, 1816 జూన్ 7న, లండన్‌లో, బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో.

ఎల్గిన్ అప్పటికి అప్పుల్లో కూరుకుపోయి, శిల్పాలు కొనమని ప్రభుత్వాన్ని అడిగాడు. తనకు 70 వేల పౌండ్లకు పైగా ఖర్చయిందన్నాడు. పార్లమెంటు కమిటీ 35 వేలు చాలంది. నెపోలియన్‌తో యుద్ధం ముగిసి ఏడాదే అయింది, జనానికి తిండికే కష్టంగా ఉంది. ఇంట్లో పిల్లలు రొట్టె కోసం అల్లాడుతుంటే జాన్ బుల్ (సగటు ఆంగ్లేయుడికి కార్టూన్లలో పెట్టిన పేరు) రాళ్లు కొంటున్నాడని క్రూక్‌షాంక్ కార్టూన్ గీశాడు.

చర్చలో హ్యూ హ్యామర్‌స్లీ అనే సభ్యుడు లేచి ఒక సవరణ పెట్టాడు. ఈ శిల్పాలను బ్రిటన్ కేవలం భద్రపరచాలి. ఏథెన్స్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు, ఇప్పుడైనా ఇకముందైనా, అడిగిన రోజున మారు మాట్లాడకుండా తిరిగి ఇచ్చెయ్యాలి. అప్పటికి ఏథెన్స్ తుర్కుల చేతిలో ఉంది, గ్రీస్ అనే దేశమే లేదు. ఆ ఊరి తరఫున అడిగే నాథుడు లేని చోట ఒక ఆంగ్లేయుడు ఆ మాట అన్నాడు. సవరణ వీగిపోయింది. కొనుగోలుకు 82 మంది సరే అన్నారు, 30 మంది వద్దన్నారు, పని జరిగిపోయింది. ఐదేళ్లకే గ్రీకులు తుర్కులపై తిరగబడ్డారు.

మరి ఎల్గిన్‌కు హక్కు ఎక్కడిది? ఫర్మానా, అంటే సుల్తాను ఆజ్ఞాపత్రం, అని అతని వర్గం చెప్పిన కాగితం అసలు ప్రతిని కమిటీ చూడనేలేదు. దొరికింది ఇటాలియన్ అనువాదం. శాసనాలు, బొమ్మలు ఉన్న కొన్ని రాతి ముక్కలు తీసుకుంటే అడ్డుపడొద్దని అందులో ఉంది. గోడకున్న శిల్పాలను రంపాలతో కోసి దింపమని ఆ మాటకు అర్థమా? నాకైతే అలా అనిపించదు.

బ్రిటిష్ మ్యూజియం చెప్పేది రెండు ముక్కల్లో: చట్టబద్ధంగా కొన్నాం, 1963 చట్టం ప్రకారం ఇచ్చెయ్యడానికి వీల్లేదు. ఆ చట్టం మనకూ తగిలేదే. అదే మ్యూజియంలో మన అమరావతి స్తూపం ఫలకాలున్నాయి. 1845లో తవ్వించిన వాల్టర్ ఎలియట్ పేరిట వాటిని ఎలియట్ మార్బుల్స్ అనేవారు. పేరు కూడా ఎల్గిన్ వరసే.

మేమైతే భద్రంగా చూసుకుంటాం అనే వాదన ఒకప్పుడు గట్టిగా వినిపించేది. 1937-38లో కొత్త గ్యాలరీ కోసం శిల్పాలు తెల్లగా కనబడాలని రాగి పనిముట్లతో, కార్బొరండం అనే గరుకు సానపదార్థంతో గీకి, వాటి తేనెరంగు పైపొరను పోగొట్టారు. ఆ తర్వాత ఆ మాటకు బలం తగ్గింది. 2009లో ఏథెన్స్‌లో అక్రోపోలిస్ మ్యూజియం తెరిచాక అసలు మిగల్లేదు. అక్కడ పై అంతస్తులో 160 మీటర్ల శిల్పపట్టీని వరసగా నిలబెట్టారు. లండన్‌లో ఉన్న 75 మీటర్ల చోట సున్నంలా తెల్లటి ప్లాస్టర్ నకళ్లు, పక్కనే తేనెరంగు అసలు రాయి. ఒకే గుర్రం కాళ్లు ఒక రంగు, తల ఒక రంగు.

ఆ వరసలోనే ఒక దేవత పాదం ఉంది, చీరకుచ్చిళ్లలాంటి వస్త్రపు అంచుతో. ఇటలీలోని పలెర్మో మ్యూజియంలో ఉండేది. 2022 జనవరిలో అరువు మీదే ఏథెన్స్ వచ్చింది, ఫలకంలో దాని చోట అమర్చారు. అదే ఏడాది జూన్‌లో ఇటలీ ఆ అరువు మాట తీసేసి, ఇక అక్కడే ఉంచుకోమంది.