మండువా లోగిలి కట్టే విద్య ఎటు పోయింది?

నడుమ కప్పులేని ఖాళీ, చుట్టూ గదులు ఉండే పాత మండువా ఇల్లు కనబడగానే ‘ఇది మనం పోగొట్టుకున్న ప్రాచీన టెక్నాలజీ’ అని జోకులు వేసుకోవడం మామూలైంది. సరదాకి బాగానే ఉంటుంది గానీ, ఆ మాటతో అసలు చరిత్ర మరుగున పడిపోతోంది. అది మన తాతల కాలం దాకా ఊరి మేస్త్రీలు, వడ్రంగులు చేస్తూ వచ్చిన పని. చాలా ఇళ్ల మీద కనిపించే మంగళూరు పెంకు కూడా 1865లో అక్కడ బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ ఫ్యాక్టరీ పెట్టాక వచ్చినదే.

అసలు విద్య సున్నంలో ఉంది. సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడికి కాల్చి, నీళ్లు పోసి విరగ్గొట్టి, ఇసుకతో కలిపి ఎద్దులు తిప్పే రాతి గానుగలో నూరేవారు. కొన్నిచోట్ల బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారు. గోడకెక్కిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటూ మెల్లగా మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. ఆ మెల్లదనమే దాన్ని దెబ్బ తీసింది. సిమెంటు ఒక్క రోజులో బిగుస్తుంది, కాంట్రాక్టరుకు కావలసింది అదే.

మన దేశంలో సిమెంటు తయారీ 1904లో మద్రాసులో మొదలైనా, నిలదొక్కుకున్నది 1914 నాటి పోర్‌బందర్ ఫ్యాక్టరీతోనే. తర్వాతి కాలంలో చాలా ఏళ్లు సిమెంటు కావాలంటే ప్రభుత్వ పర్మిట్ ఉండాల్సిందే. 1982లో కంట్రోలు కొంత సడలి, 1989లో పూర్తిగా పోయింది. ఇక బస్తాలు పల్లెలకూ తేలిగ్గా చేరాయి. అన్నదమ్ములు పంచుకున్న స్థలంలో మండువాకి చోటు లేదు, టేకు దూలాల ధర అందలేదు. స్లాబ్ వేస్తే పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చు. ఏటా పెంకులు సర్దించే బాధా ఉండదు. జనం స్లాబ్ వైపు మళ్లడంలో తప్పేమీ లేదు.

నన్ను బాధించేది వేరే. ‘మన పూర్వీకులు’ అన్నప్పుడు గుర్తొచ్చేది మోతుబరి లోగిలే. ఉత్తరాంధ్ర తీరంలో పేదలు కట్టుకున్న చుట్టిల్లు ఎవరికీ గుర్తు రాదు. గుండ్రటి మట్టిగోడ, నేలకి దగ్గరగా దిగిన తాటాకు కప్పు. తుఫాను గాలికి ఎదురుగా నిలిచే చదును గోడ ఉండదు కాబట్టి గాలి చుట్టూ తిరిగి పోతుంది. ఇంత తెలివిగా కట్టినవాళ్ల పేర్లు ఎక్కడా రాసి లేవు.

పైగా ఆ సున్నం విద్య పూర్తిగా పోనూ లేదు. హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన మరమ్మతుల్లో, వెనక ఎప్పుడో పూసిన సిమెంటును గీకేసి మళ్లీ సున్నమే వేశారు. ఆ పని చేసింది మేస్త్రీలే.