విప్పని పొట్లాన్ని విప్పలేదని తేల్చడమెలా?

న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో బబుల్‌గమ్ తయారుచేసే టాప్స్ కంపెనీ 1952లో 407 బేస్‌బాల్ కార్డుల వరుస ఒకటి అచ్చువేసింది. అట్టముక్క మీద ఆటగాడి బొమ్మ, వెనుక అతని ఆట వివరాలు, తోడుగా ఒక గమ్ పలక, అన్నిటినీ కలిపి చుట్టిన మైనపు కాగితం. పిల్లలు ఆ కాగితం చింపి, గమ్ నమిలి, నచ్చిన కార్డులు దాచుకుని, మిగిలినవి తోటిపిల్లలతో మార్చుకునేవారు. మన పిల్లలు ఒకప్పుడు గమ్‌తో వచ్చే క్రికెటర్ల బొమ్మలను దాచుకున్నట్టే. ఆ ఏడాది చివరి విడత కార్డులు సరిగా అమ్ముడుపోలేదు. గోదాములో మిగిలిపోయిన సరుకును కొన్నేళ్ల తరువాత కంపెనీ పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించింది. ఆ విడతలోనిదే అయిన 311వ నంబరు, మికీ మ్యాంటిల్ అనే ఆటగాడి కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1 కోటీ 26 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడైంది.

ఒక్క కార్డుకే ఇంత ధర పలికే లోకంలో, ఏ పిల్లవాడి చేతికీ చిక్కకుండా మిగిలిపోయిన పాత పొట్లానికి ఎంత గిరాకీ ఉంటుందో ఊహించవచ్చు. లోపల ఏముందో తెలియకపోవడమే దాని విలువ. అందుకే ఇక్కడ జరిగే మోసం మామూలు నకిలీ సరుకు వ్యవహారం వంటిది కాదు. కాగితం అసలుదే కావచ్చు, గమ్ అసలుదే కావచ్చు, కార్డులన్నీ అసలువే కావచ్చు. అయినా ఎవరో నేర్పుగా విప్పి, ఖరీదైన కార్డు తీసుకుని, దాని స్థానంలో మామూలు కార్డు పెట్టి, మళ్లీ అంటించి ఉండవచ్చు. పరీక్షించేవాడు తేల్చవలసింది వస్తువు అసలుదా, నకిలీదా అన్నది మాత్రమే కాదు; దాని జీవితంలో ఫలానా సంఘటన జరిగిందా, లేదా అన్నది. జరిగిన దానికి ఆనవాళ్లు దొరుకుతాయి. జరగలేదనడానికి ఆ ఆనవాళ్లు లేకపోవడం తప్ప వేరే సాక్ష్యం ఉండదు.

ముందు మైనం సంగతి చూద్దాం. ఒకప్పుడు బ్రెడ్డుకు చుట్టి వచ్చిన మైనపు కాగితాన్ని చూసినవారికి ఈ పొట్లాల కాగితం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. కర్మాగారంలో యంత్రం కాగితాన్ని మడిచి, మడత అంచులు ఒకదాని మీద ఒకటి పడే చోట వేడి పలకను ఒక్క క్షణం ఆనించేది. అక్కడి మైనం కరిగి, చల్లారి, జిగురు అవసరం లేకుండానే అంచులను పట్టి ఉంచేది. పారాఫిన్ మైనం దాని రకాన్ని బట్టి సుమారు 46 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. ఇంత తక్కువ వేడికి కరిగేదాన్ని ఇంట్లో ఇస్త్రీపెట్టెతో మళ్లీ అంటించడం ఎవరికైనా సాధ్యమే. అయితే యంత్రం ఒత్తిడి ప్రతి పొట్లం మీదా ఒకే చోట, ఒకే కొలతలో పడుతుంది. చేతి పనికి ఆ నిలకడ ఉండదు. రెండోసారి కరిగిన మైనం కాగితపు పీచుల్లోకి మరింత లోతుగా ఇంకి, ఆ భాగాన్ని నూనె పీల్చిన కాగితంలా కాంతి దూరే మచ్చగా మారుస్తుంది, లేదా అంచు దాటి పాకి గడ్డకడుతుంది. పాత మడత గీతల పక్కనే కొత్త గీతలు పడి ఉంటే అనుమానం మరింత బలపడుతుంది.

కాని ఇందులో ఒక చిక్కుంది. వేసవిలో అమెరికా ఇళ్ల పైకప్పుల కింది అటకల్లో ఉష్ణోగ్రత కొన్నిసార్లు 50 డిగ్రీలు దాటుతుంది. అటువంటి చోట ఏళ్ల తరబడి పడి ఉన్న పొట్లానికి ఎవరూ ముట్టుకోకుండానే అంచు ఊడవచ్చు, మైనం పాకవచ్చు. నిర్దోషి అయిన పొట్లం దోషిలా కనిపించే ఈ ప్రమాదం వల్లనే, నా ఉద్దేశంలో, మైనపు అతుకు ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పేవారిని నమ్మకూడదు.

మైనం ఒక్కటే సాక్షి అయితే మోసగాడి పని తేలికే. చిక్కల్లా పక్కనున్న గమ్‌తో వస్తుంది. చక్కెర, మొక్కజొన్న పాకం, సాగే బంకపదార్థం కలిసిన ఆ పలక దశాబ్దాలు గడిచేకొద్దీ ఎండి పెళుసెక్కుతుంది, దానిలోని పదార్థాలు ఆనుకున్న కార్డులోకి దిగి, పలక ఆకారంలోనే మరకను మిగులుస్తాయి. అతుకు వైపున్న కార్డుకు మైనపు మరక అంటుతుంది. ఆ మరకను నైలాన్ మేజోళ్ల గుడ్డతో రుద్ది తీసేయడం సేకర్తలకు తెలిసిన చిట్కా. గమ్ ఒక కార్డును ఆనుకుని ఉండగా మరక మరో కార్డు మీద ఉన్నా, ఒకే కార్డు మీద ఒకదానికొకటి సరిపోని రెండు మరకలు కనిపించినా, ఆ పొట్లంలోని పొందిక ఎప్పుడో చెదిరిందన్నమాట. మైనం, చక్కెర, అట్ట అనే మూడు పదార్థాలూ ఒకే చరిత్రను చెప్పేటట్టు చేయడం ఒకదాన్ని బాగుచేసినంత సులభం కాదు. కార్డులు మరకలతో పాడవుతున్నాయని సేకర్తలు మొరపెట్టుకోగా, 1992 నుంచి టాప్స్ గమ్ పెట్టడం మానేసింది. ఆ తరువాతి పొట్లాల్లో ఈ సాక్షి లేదు.

కాగితాన్ని అతినీలలోహిత దీపం కింద పెట్టి చూడడం చౌకైన పరీక్ష. కాగితాన్ని తెల్లగా చూపే ప్రకాశక రసాయనాలు 1950 ప్రాంతం నుంచి కాగితం పరిశ్రమలో విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. ఇవి అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలి వెలుగును వెదజల్లుతాయి. 1930ల నాటిదని చెప్పిన పైకాగితం ఆ దీపం కింద నీలంగా మెరిస్తే ఇక వాదన అక్కరలేదు. మైనానికి బదులు జిగురు వాడిన చోట్లు కూడా తరచు ఇలాగే బయటపడతాయి. మెరవకపోవడం మాత్రం దేన్నీ నిరూపించదు.

చరిత్ర తెలిసినవారికి రసాయన శాస్త్రం అవసరం లేని సందర్భాలూ ఉన్నాయి. 1973 వరకు టాప్స్ తన కార్డులను ఆట రుతువు పొడుగునా విడతలుగా విడుదల చేసేది; 1974 నుంచి మొత్తం 660 కార్డులనూ ఒకేసారి ఇచ్చింది. కాబట్టి 1960ల నాటి తొలి విడత పొట్లంలో చివరి విడత నంబరు కనిపించకూడదు. ఇంకా విచిత్రమైన ఆధారం న్యాయస్థానం నుంచి వచ్చింది. టాప్స్ గుత్తాధిపత్యం మీద ఫ్లీర్ కంపెనీ వేసిన దావా ఫలితంగా 1981లో ఫ్లీర్, డాన్‌రస్ కంపెనీలు రంగంలోకి దిగి గమ్‌తో సహా కార్డులు అమ్మాయి. అదే ఏడాది అప్పీలులో తీర్పు తిరగబడి గమ్‌తో కార్డులు అమ్మే హక్కు టాప్స్‌కే మిగలడంతో, 1982లో ఫ్లీర్ గమ్‌కు బదులు స్టిక్కర్లు, డాన్‌రస్ పాతతరం ఆటగాడు బేబ్ రూత్ చిత్రపటాన్ని కూర్చుకునే ముక్కలు పెట్టవలసి వచ్చింది. 1982 డాన్‌రస్ పొట్లంలో గమ్ ఉందంటే అది కర్మాగారం నుంచి అలా రాలేదు.

పారదర్శకమైన సెల్లో పొట్లాలది మరో రకం ఇబ్బంది. పై కార్డు, అడుగు కార్డు బయటికి కనిపిస్తాయి కాబట్టి, ఖరీదైన ఆటగాడు పైన కనిపించే పొట్లం ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది, మోసగాడికి ఆశా పెరుగుతుంది. అసలు సెల్లోఫేన్ చెట్ల గుజ్జులోని సెల్యులోజ్‌తో తయారవుతుంది. గాలిలోని తేమను పీల్చుతూ, వదులుతూ, ఏళ్లు గడిచాక పెళుసై పగులుతుంది, మడిస్తే మడత నిలుస్తుంది. ఇప్పుడు బజారులో దొరికే పాలీప్రొపిలీన్ పొర మడిచినా మళ్లీ విచ్చుకుంటుంది. పరారుణ వర్ణపటం తీస్తే ఈ రెండింటి తేడా క్షణాల్లో తేలుతుంది.

పొట్లాల పెట్టెల మీద మరో పెద్ద అట్టపెట్టె ఉంటే పరీక్ష పెట్టెల వరకు చేరదు. 2021 చివర్లో అమెరికన్ యూట్యూబర్ లోగన్ పాల్ 35 లక్షల డాలర్లు పెట్టి పోకిమాన్ కార్డుల పెట్టెలున్న, సీలు విప్పని అట్టపెట్టె ఒకటి కొన్నాడు. పేరున్న పరీక్షకులు దాన్ని అసలుదని ధ్రువీకరించారు. 2022 జనవరిలో వారి సమక్షంలోనే విప్పితే లోపల జి.ఐ. జో అనే సైనికుల బొమ్మల కార్డులు బయటపడ్డాయి. బయటి అట్టపెట్టె చెప్పగలిగింది తన గురించి మాత్రమే.

విప్పకుండా లోపలికి చూసే ఉపాయం ఇప్పుడు ఉంది. మృత సముద్ర తీరంలో దొరికిన, ముట్టుకుంటే రాలిపోయే ఎన్‌గెడీ తోలు చుట్టను సీటీ స్కాన్ చేసి, కంప్యూటర్‌లో పొరలు విడదీసి అక్షరాలు చదివినట్టు 2015లో ప్రకటించారు. ఆ సూత్రంతోనే కార్డుల పొరలనూ విడదీసి చూడవచ్చు; 2024లో అమెరికాలోని ఒక పారిశ్రామిక స్కానింగ్ సంస్థ సీలు విప్పని పోకిమాన్ పొట్లాలకు ఈ సేవను బాహాటంగానే ప్రకటించింది. పరీక్షకుడికి ఇది వరమే. దొంగకూ అంతే. ఎక్స్ కిరణాలు మైనం మీద మడత వేయవు, గమ్‌ను కదపవు. మంచి కార్డున్న పొట్లాలను ఏరుకుని మిగిలినవి అమ్మేస్తే, ఆ అమ్మిన పొట్లాలు నిజంగానే ఎవరూ విప్పనివి.

అప్పుడు మిగిలే సాక్ష్యం లెక్క ఒక్కటే. 1980 టాప్స్ వరుసలో 726 కార్డులు ఉన్నాయి. ఒక్కొక్క షీటు మీద 132 చొప్పున ఆరు షీట్లలో 792 స్థానాలు కాగా, 66 కార్డులు రెండేసిసార్లు అచ్చయ్యాయి. సేకర్తలు వెతికేది 482వ నంబరు, రికీ హెండర్సన్ తొలి కార్డు. బేస్‌బాల్‌లో బంతిని ఎవరూ కొట్టకముందే తరువాతి బేస్‌కు పరుగెత్తి చేరడాన్ని బేస్ దొంగిలించడం అంటారు; అలా 1,406 బేస్‌లు దొంగిలించి రికార్డు సృష్టించిన ఆటగాడి కార్డుకే ఈ దొంగల బెడద ఉండడం చిన్న తమాషా. అది ఒక్కసారే అచ్చయింది కాబట్టి సగటున 792 కార్డులకు ఒకటి. పెట్టెకు 36 పొట్లాలు, పొట్లానికి 15 కార్డులు, అంటే 540 కార్డులు. ఒక పెట్టెలో హెండర్సన్ లేకపోవడం వింత కాదు. పది పెట్టెల్లో సుమారు ఏడుగురు హెండర్సన్‌లు ఉండాలి. కార్డులు యాదృచ్ఛికంగా కలిశాయనుకుంటే, పదింటిలో ఒక్కడూ లేకపోయే అవకాశం దాదాపు వెయ్యిలో ఒక వంతు. ఆ లెక్క తేల్చుకోవాలంటే మాత్రం 360 పొట్లాలనూ విప్పక తప్పదు.