రాయి మీద అలలుంటే సముద్రమేనా?

ఫొటో ఎవరు పంపినా అదే: ఇసుకరాయి పలక మీద వరసగా అలల గీతలు, కింద "సార్, ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేది కదా?" అని. ఉండొచ్చు. వాగు కావచ్చు, చెరువు కావచ్చు, ఎడారి గాలి చేసిన పనీ కావచ్చు.

రిపుల్ మార్కు, అంటే ఈ అలల గీత, చెప్పేది ఇసుకను ఏదో కదిలించిందని, అంతే. గీతలో లేచిన మిట్టను పక్కనుంచి చూడండి. ఒకవైపు మెల్లటి వాలు, రెండోవైపు నిటారు అయితే ప్రవాహం ఒకే దిక్కుది. రెండువైపులా సమానంగా ఉండి కొన మొనదేలితే ముందుకీ వెనక్కీ ఊగిన నీరు. ఆ ఊపు చెరువులోనూ ఉంటుంది. సముద్రం అనాలంటే ఇంకో సాక్షి కావాలి: సముద్రజీవుల శిలాజాలో, ఎదురెదురు దిక్కులకు వాలిన క్రాస్ బెడ్డింగో (పొర లోపల ఏటవాలుగా పేరుకున్న సన్నపొరలు).

నేనూ ఈ గోతిలో పడ్డవాణ్నే. మొదటి ఫీల్డు నోట్‌బుక్‌లో "సముద్రతీరం" అని ధీమాగా రాసేశాను. మాస్టారు ఏమీ అనకుండా అదే పొర అడుక్కి తీసుకెళ్లారు. కింది మట్టిరాయిని కోసేసిన అంచు, అందులో ఇరుక్కున్న మట్టిపెళ్లలు, పైకి వెళ్లేకొద్దీ సన్నబడే రేణువులు, అన్నిటికంటే పైన మొక్కల వేళ్ల జాడలు. నది! నేను చూసింది పై అరడుగే.

చమురు కోసం బావి తవ్వేవాళ్లకి ఈ పొరపాటు మరీ ఖరీదు. నది ఇసుక వంకర్లు తిరుగుతూ సన్నగా పోతుంది, తీరపు ఇసుక తీరం పొడవునా పరుచుకుంటుంది. ఒకదాన్ని ఇంకోటి అనుకుంటే రెండో బావి ఇసుక తప్పి నేరుగా షేల్ అనే మట్టిరాయిలోకి దిగుతుంది.

మిగతా పుకార్లకి ఇంత ఓపిక లేదు. ఎర్రరాయి అంటే ఎడారేనట! ఆ ఎరుపు హెమటైట్ అనే ఇనుప ఖనిజానిది, పూడుకున్న తర్వాత కూడా పట్టొచ్చు. పసిఫిక్ లోతుల్లో ఎర్రమట్టి ఇవాళ్టికీ పేరుకుంటోంది. ఇసుక లోతు సముద్రానికి చేరదట! 1929లో కెనడా తూర్పు తీరానికి అవతల వచ్చిన గ్రాండ్ బ్యాంక్స్ భూకంపం తర్వాత అట్లాంటిక్ అడుగున టెలిగ్రాఫ్ కేబుళ్లు ఒకదాని వెనక ఒకటి తెగాయి. ఇసుకా బురదా కలిసి వాలు వెంట దూసుకెళ్లి తెంచాయని భూశాస్త్రవేత్తలు హీజెన్, యూయింగ్ 1952లో తేల్చారు. రాతిలో ఆకు కొమ్మలాంటి నల్లగీతలు? చాలావరకు మాంగనీసు ఖనిజమే, మొక్క కాదు.

ఒకావిడ రాత్రిపూట ఫోన్ చేశారు, ఇంటి నేలకి పరిచిన రాతిపలకల్లో పగుళ్లు కనిపిస్తున్నాయి, ఇల్లు కుంగుతోందా అని. గొంతు వణుకుతోంది. గోరు పెట్టి గీయమన్నాను. దూరలేదు. ఎప్పుడో బురద ఎండి విచ్చితే ఇసుక పూడ్చిన పగుళ్లమ్మా అవి, హాయిగా పడుకోండి అన్నాను. మర్నాడు ఫొటో వచ్చింది. గళ్లు గళ్లుగా, ఒకదానికొకటి కలిసే ఉన్నాయి. కలవకుండా కదురుల్లా విడివిడిగా ఉంటే మాత్రం ఎండిందని ఒట్టేయను, నీళ్ల కిందే విచ్చే పగుళ్లూ ఉన్నాయి.